నాలుక మీద పుండు, మెడలో బిళ్ళ, కాంట్రాస్ట్ ఎంఆర్ఐ: నా అనుభవం

2025 జనవరి 9న ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు వచ్చింది. దసరా నుంచి నాలుక ఎడమ అంచు మీద మానకుండా సతాయిస్తున్న పుండు క్యాన్సరేనని అందులో ఉంది. ఆ రోజు మా ఇంట్లో ఏం జరిగిందో రాయను, ఎవరింట్లోనైనా అదే జరుగుతుంది. మరునాటి నుంచి నాకు కావాల్సింది వేరే. ఎంఆర్ఐ గదిలో ఏం చేస్తారు, మధ్యలో ఆ కాంట్రాస్ట్ మందు ఇంజెక్షన్ ఎందుకు, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకిందో లేదో దాంట్లో నిజంగా తెలుస్తుందా అంటే చెప్పేవాళ్ళు కావాలి. దొరకలేదు. ధైర్యం చెప్పేవాళ్ళు, నాటుమందు పేర్లు చెప్పేవాళ్ళు మాత్రం మస్తుగా దొరికారు.

నేను నల్గొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. వయసు 43. పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలో, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి. పళ్ళ మీద గోధుమరంగు చారలు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. ఈ సంగతి ఎందుకంటే, హైదరాబాద్‌లో నా నోరు తెరిపించిన ప్రతి డాక్టరూ ముందు ఆ చారలు చూసి "గుట్కానా, ఖైనీనా?" అనే అడిగారు. రెండూ లేవంటే నమ్మనట్టు చూసేవారు. చివరికి సర్జన్ దగ్గర పనిచేసే పీజీ డాక్టరమ్మది దేవరకొండ అట. "సార్, ఇవి ఫ్లోరైడ్ పండ్లు. మా దిక్కు చానా మందికి ఇట్లనే ఉంటయి" అని ఆమే ఆయనకు చెప్పింది. మన జిల్లా వాళ్ళు ముందే చెప్పేయండి, అనుమానపు చూపులు తప్పుతాయి. నాకు కింది దవడలో ఒక పన్ను పదునుతేలి నాలుకకు రాసుకునేది. దానివల్ల అయ్యుండొచ్చన్నారు. ఖాయంగా ఎవరూ చెప్పలేదు.

జనవరి 10 పొద్దున్నే నేనూ మా ఇంటామె హైదరాబాద్ బయల్దేరాం. సంక్రాంతికి ఊళ్ళకు పోయే కార్లతో విజయవాడ హైవే అవతలి వైపు నిండిపోయి ఉంది, మేం పోయే వైపు ఖాళీ. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు కాడ ఆ లైన్లు చూస్తుంటే పండక్కి పోయేవాళ్ళ మీద కోపం వచ్చింది. వాళ్ళు నాకేం చేశారని! ఎల్బీనగర్‌లో మా బామ్మర్ది కలిశాడు. అక్కణ్ణుంచి చివరిదాకా ఫైళ్ళు, ఫోన్లు, క్యూలు అన్నీ వాడే చూసుకున్నాడు. ఆస్పత్రి పేరు రాయను, మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కాబట్టి.

సర్జన్ గారు నోట్లో వేలు పెట్టి పుండు చుట్టూ ఒత్తి చూశారు. తర్వాత నా వెనక నిలబడి రెండు చేతులతో దవడ కింది నుంచి భుజం దాకా మెడంతా తడిమారు. ఎడమ చెవి కింద, దవడ మూల దగ్గర ఆయన వేళ్ళు ఆగాయి. "ఇక్కడొక బిళ్ళ తగులుతోంది. ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అన్నారు. నాకు తెలియదు. రోజూ గడ్డం గీసుకునే చోటే అది.

"ఆపరేషన్‌కు ముందు నాకు రెండు సంగతులు తెలియాలి. పుండు నాలుకలోకి ఎంత లోతుకు దిగింది, మెడలో గ్రంథులకు పాకిందా. రెండిటికీ కాంట్రాస్ట్‌తో ఎంఆర్ఐ తీయించండి" అన్నారు. ఒళ్ళంతా చూసే పెట్ స్కాన్ చేయించమని మా చుట్టాలాయన చెప్పాడు, అదీ అడిగాను. ఈ దశలో నాలుక లోతు చూడ్డానికి ఎంఆర్ఐ మేలు, ఛాతీకి వేరే సీటీ తీస్తే చాలు, పెట్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: ముక్క తీయకముందే ఎంఆర్ఐ తీసి ఉంటే బాగుండేదట. ముక్క తీసిన గాయానికి నాలుక వాస్తుంది, దగ్గర్లోని గ్రంథులు కూడా ఉబ్బుతాయి, ఫొటోలో అది క్యాన్సర్ వాపో గాయం వాపో చెప్పడం కష్టమవుతుంది. నాకు ముక్క తీసింది జనవరి 3న. కొన్ని రోజులు ఆగి తీయిద్దామన్నారు.

ఆగడం కూడా మా చేతిలో లేదు. ఆ ఆస్పత్రి మిషన్ మీద దొరికిన తేదీ ఫిబ్రవరి 3. బయట స్కానింగ్ సెంటర్లో పండగ కాగానే, జనవరి 17న ఇచ్చారు. బయటికే పోయాం. ఫోన్లో 9,000 అన్నారు, తీరా పోయాక కాంట్రాస్ట్ మందుకు ఇంకో 2,000 కట్టించుకున్నారు. ఫోన్ చేసినప్పుడే "మందు కలిపి ఎంత?" అని అడగాలి. ఇంకోటి, చీటీ మీద "ఫేస్ అండ్ నెక్" అని ఉందో లేదో చూసుకోండి. నా పక్కన కూర్చున్న ఒకామెకు ఉత్త "నెక్" అని రాసి ఉంది, ఆమె పుండేమో బుగ్గ లోపల. కౌంటర్ దగ్గరి నుంచి డాక్టరుకు ఫోన్ చేసి మార్పించే సరికి ఆమె వంతు వెళ్ళిపోయింది.

సంక్రాంతి మూడు రోజులూ మర్రిగూడలో అమ్మ దగ్గరే ఉన్నాం. అరిసెలు చేసింది. గట్టివి నేను నమలలేనని పాలలో నానబెట్టి ఇచ్చింది. నా చెయ్యి మాటిమాటికీ చెవి కిందికే పోయేది. ఒత్తి చూసుకోవడం, పెరిగిందా తగ్గిందా అనుకోవడం. మా చిన్నది చూసి "నాన్నా, మెడ నొస్తుందా?" అంది. అప్పటి నుంచి వాళ్ళ ముందు చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

16న నల్గొండ క్లాక్‌టవర్ దగ్గర ల్యాబ్‌లో క్రియాటినిన్ పరీక్ష, 250 రూపాయలు. కాంట్రాస్ట్ మందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. దాన్ని శరీరంలోంచి బయటికి పంపేవి కిడ్నీలే, అందుకే అవి బాగున్నాయో లేదో ముందే చూస్తారు. నాకు 0.9, ఇబ్బంది లేదు. స్కాన్ రోజు సెంటర్లో అచ్చంపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు 2.8 ఉంది. ఆయన్ని ఎక్కించుకోలేదు, కిడ్నీ డాక్టర్ రాసిస్తే తీసుకురమ్మన్నారు. తెల్లారుజామున బయల్దేరి వచ్చాడట. ఆ పరీక్ష ఊళ్ళోనే చేయించుకుని ఉంటే ఆ ప్రయాణం తప్పేది. ఈ మాట అపాయింట్‌మెంట్ ఇచ్చేవాళ్ళు చెప్పాలి, చెప్పరు.

17న పదకొండు గంటలకు రమ్మన్నారు, లోపలికి పిలిచింది రెండు దాటాక. నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దన్నారు కాబట్టి నేను పొద్దున్నుంచీ ఖాళీ కడుపుతోనే ఉన్నాను. ఒక ఫారం ఇచ్చారు. గుండెకు పేస్‌మేకర్ ఉందా, మెదడు ఆపరేషన్‌లో క్లిప్పులు వేశారా, చెవిలో మిషన్ పెట్టారా, వెల్డింగ్ పని చేసేవారా, కంట్లో ఇనుప రజను పడిందా, ఉబ్బసం ఉందా, ఇంతకు ముందు ఏ ఇంజెక్షనైనా పడలేదా. వెల్డింగ్ ప్రశ్నకు నవ్వొచ్చింది, కానీ అదీ ముఖ్యమేనట. ఆ అయస్కాంతానికి కంట్లో రజను కదిలితే చూపు పోవచ్చు.

బట్టలు మార్పించారు. ఉంగరం, గడియారం అంటే ముందే బామ్మర్దికి ఇచ్చాను. మొలతాడుకు వెండి బిళ్ళ ఉన్న సంగతి నాకు గుర్తేలేదు. చిన్నప్పటి నుంచి ఒంటి మీదే ఉన్నదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు! దండకు అమ్మ పండక్కే కొత్తగా కట్టిన తాయెత్తు, రాగి గొట్టంది. రెండూ తీయమన్నాడు టెక్నీషియన్. తాయెత్తు ముడి రాలేదు, కత్తెర తెచ్చాడు. "అమ్మకు చెప్పకు" అన్నాను బామ్మర్దితో. "చెప్పను బావా, మళ్ళ నేనే కడ్తలే" అన్నాడు.

తర్వాత పన్ను. కుడివైపు కింది దవడలో ఎన్నడో వేయించుకున్న మెటల్ తొడుగు ఉంది. అది ఊడి వచ్చే ప్రమాదమేమీ లేదట గానీ, దాని చుట్టుపక్కల ఫొటో నల్లగా మాసిపోతుందన్నాడు. "పుండు ఏ దిక్కు సార్? ఎడమనా? బతికిపోయినం" అన్నాడు. అదే వైపు ఉంటే పుండు మీదే మచ్చ పడేదట. నోటి క్యాన్సర్‌కు ఎంఆర్ఐ రాయించుకునేవాళ్ళు తొడుగులు, క్లిప్పుల సంగతి డాక్టరుకు అప్పుడే చెప్పాలి.

చేతికి సన్న సూది పెట్టి ప్లాస్టరు వేశారు. బల్ల మీద పడుకోబెట్టి, చెవుల్లో దూది లాంటి బిరడాలు, వాటి మీద హెడ్‌ఫోన్, తల రెండు వైపులా మెత్తలు. ఆ పైన మొఖం మీద, మెడ మీద పంజరం ఒకటి బిగించారు. దాని సంగతి నాకెవరూ చెప్పలేదు. కాళ్ళకో కడుపుకో ఎంఆర్ఐ తీయించుకున్నవాళ్ళ అనుభవం వేరు, మెడకు వేరు. కంటికి జానెడు దూరంలో ప్లాస్టిక్ కడ్డీలు, ఆ పైన సొరంగం పైకప్పు. చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెట్టి, తట్టుకోలేకపోతే నొక్కమన్నారు. లోపలికి పోతుండగానే నొక్కేద్దామనిపించింది. కళ్ళు మూసుకున్నాను. తర్వాత బయటికి వచ్చేదాకా తెరవలేదు. నా వరకు పనిచేసిన ఉపాయం అదొక్కటే.

హెడ్‌ఫోన్‌లో మాట వచ్చింది: "సార్, సౌండ్ వస్తున్నంత సేపు మింగొద్దు, నాలుక కదపొద్దు." నాలుక మీద పుండున్నవాడికి నోట్లో ఉమ్మి ఊరుతూనే ఉంటుంది. మింగొద్దంటే ఇంకా ఎక్కువ ఊరుతుంది. మొదటి చప్పుడు మూడు నాలుగు నిమిషాలుంటుందేమో, సగంలోనే గుటక పడింది. "కదిలిన్రు సార్, మళ్ళ తీస్తున్న." రెండోసారి ఆపుకున్నాను. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య కొంచెం విరామం ఉంటుంది, అప్పుడు మింగొచ్చు. ఇది తెలిశాక కాస్త తేలికైంది. ఆ అబ్బాయి కూడా మంచివాడు, ప్రతి విరామంలో "ఇప్పుడు మింగున్రి సార్" అని చెప్పేవాడు. ఒక రకం చప్పుడుకు బల్ల కూడా వణికింది. అప్పుడు దవడ దానంతటదే బిగుసుకుపోయింది.

అరగంట అయ్యాక బల్ల కొంచెం బయటికి జరిపి, తల కదపకుండానే చేతి సూదిలోంచి మందు ఎక్కించారు. మోచేతి దాకా చల్లగా పాకింది. నోట్లో ఇనుప రుచి వచ్చింది, కడుపులో ఒక్కసారి తిప్పినట్టయి తగ్గిపోయింది. మళ్ళీ లోపలికి. మందుకు ముందు తీసిన ఫొటోలనే మందు తర్వాత మళ్ళీ తీస్తారు, రెండూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి. రక్తం పారే కండలోకి మందు చేరి అక్కడ తెల్లగా వెలుగుతుంది. గ్రంథి లోపల క్యాన్సర్ పెరిగి మధ్యలో కుళ్ళితే, అక్కడికి రక్తం పోదు కాబట్టి చుట్టూ తెల్లటి అంచు, లోపల నల్లగా కనిపిస్తుంది. ఇదంతా తర్వాత సర్జన్ గారు చెప్పింది. ఆ క్షణంలో నాకు తెలిసిందల్లా చలి. ఏసీ గది, పల్చటి గౌను. దుప్పటి అడిగితే ఇస్తారట, అడగలేదు.

మొత్తం ముప్పావు గంట పైనే పట్టింది. బయటికొచ్చాక నీళ్ళు బాగా తాగమన్నారు. పక్క సందులో ఇడ్లీ తిన్నాను, సాంబారు మంటకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మా ఇంటామె వేరే అనుకుని తనూ ఏడ్చింది.

రిపోర్టు 18 సాయంత్రం ఫోన్‌కే వచ్చింది. శనివారం. సర్జన్ గారి ఓపీ మళ్ళీ సోమవారం. నేను ఆ పీడీఎఫ్ తెరవకుండా ఉండాల్సిందని ఇప్పుడు కూడా అనుకోను, ఎవరైనా తెరుస్తారు. అందులో నాలుక పుండు లోతు 8 మిల్లీమీటర్లు అని ఉంది. మెడలో ఎడమవైపు పైభాగాన, 13 మిల్లీమీటర్ల గ్రంథి. గుండ్రంగా ఉంది, లోపలి కొవ్వు కనపడటం లేదు, కాంట్రాస్ట్ సమంగా ఎక్కలేదు, "సస్పీషియస్ ఫర్ మెటాస్టాసిస్" (అంటే క్యాన్సర్ పాకిందేమోనని అనుమానం), సూది పరీక్ష చేయించగలరు. దవడ కింద ఇంకొన్ని చిన్న గ్రంథులు, సెంటీమీటరు లోపువి, వాటి గురించి ప్రత్యేకంగా ఏమీ రాయలేదు. నేనూ వాటిని పట్టించుకోలేదు. నా కళ్ళన్నీ ఆ పదమూడు మీదే ఉన్నాయి.

ఆ రాత్రి, ఆదివారం మొత్తం ఫోన్‌లో చదువుతూనే ఉన్నాను. అలా చదువుతుంటే ఇంకో రకం ఎంఆర్ఐ కనపడింది. గాడోలినియం బదులు అతి సన్నటి ఇనుప కణాల మందు, ఫెరుమాక్స్‌ట్రాన్ అని. ఎక్కించి ఒక రోజు ఆగి స్కాన్ తీస్తారు. మంచి గ్రంథిలోని కణాలు ఆ ఇనుమును మింగి ఫొటోలో నల్లబడతాయి. క్యాన్సర్ ఆక్రమించిన చోట మింగే కణాలుండవు కాబట్టి అక్కడ నలుపెక్కదు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 80 మంది మీద చేసిన పరీక్ష 2003లో అచ్చయింది. క్యాన్సర్ ఉన్న గ్రంథుల్లో మామూలు ఎంఆర్ఐ 35.4 శాతాన్ని పట్టుకుంటే, ఇనుప మందుతో తీసింది 90.5 శాతం పట్టుకుంది. లెక్కలు చెప్పేవాణ్ణి కదా, ఆ రెండో అంకె కన్నా మొదటిదే నన్ను పట్టుకుంది. అంటే మామూలు ఎంఆర్ఐకి చిక్కని గ్రంథులు చిక్కినవాటికన్నా ఎక్కువ. మరి నేను 11,000 పెట్టి చేయించుకున్నది ఏమిటి?

సోమవారం సర్జన్ గారిని అదే అడిగాను. చిరాకు పడతారనుకున్నాను, పడలేదు. "నెదర్లాండ్స్‌లో నైమేగన్ వాళ్ళు దాని మీద చాలా పని చేశారు. ఆ మందు మన దగ్గర లేదు. అది ప్రొస్టేట్ మీద చేసిన లెక్క, నీ నాలుకకు అదే అంకె వేసుకోకు" అని, కంప్యూటర్లో నా ఫొటోలు తెరిచి చూపించారు. మంచి గ్రంథి చిక్కుడు గింజలాగా ఉంటుందట, ఒక పక్క నొక్కు, ఆ నొక్కులో కొవ్వు. నాది గుండ్రంగా ఉంది, నొక్కు లేదు. "కానీ ఎంఆర్ఐ చూసేది ఆకారం, సైజు, రక్తం ఎట్లా పారుతుందనేది. కణాలను కాదు. పుండుకు చీము పట్టినా, ముక్క తీసిన గాయానికైనా, పన్ను చెడినా ఆ గ్రంథి ఉబ్బుతుంది. దవడ మూల దగ్గరి గ్రంథులు మామూలుగానే మిగతావాటికన్నా పెద్దవి. ఇట్లాగే, చిన్నగా చక్కగా ఉన్న గ్రంథిలో కూడా నాలుగు కణాలు దాక్కుని ఉండొచ్చు, అవి ఏ ఫొటోకూ దొరకవు." ఎవరైనా ఈ మాటలు 18వ తేదీ సాయంత్రమే చెప్పి ఉంటే ఆ రెండు రాత్రులు కాస్త నిద్రపోయేవాణ్ణి.

21న సూది పరీక్ష. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ గ్రంథిలోకి సన్న సూది దించి కణాలు లాగుతారు. 1,800 రూపాయలు. మత్తు ఇవ్వలేదు. మొదటి పోటు భరించవచ్చు, ఒకే చోట మళ్ళీ మళ్ళీ పొడిచేటప్పుడు మాత్రం బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. మెడ మీద నీలం మచ్చ వారం పాటు ఉంది. స్కూల్లో మఫ్లర్ కట్టుకుని పాఠం చెప్పాను, జనవరి చలి కాబట్టి ఎవరూ అడగలేదు.

24న ఫలితం: క్యాన్సర్ కణాలు కనపడలేదు, వాపు వల్ల ఉబ్బిన గ్రంథి అని. ఇంట్లో పండగైపోయింది. అమ్మ చెర్వుగట్టు రామలింగేశ్వరస్వామికి మొక్కుకుందట, మాఘమాసం జాతరకు పోదామంది. నేనైతే మెడ ఆపరేషన్ తప్పిందనే అనుకున్నాను. 27న సర్జన్ గారు ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపారు.

ఇది చాలా మందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నాలుక క్యాన్సర్‌లో మెడ గ్రంథులు శుభ్రంగా కనపడినా, పుండు కొంత లోతుకు దిగి ఉంటే నాలుకతో పాటే మెడ కూడా తెరిచి గ్రంథులు తీసేస్తారు. ముంబై టాటా మెమోరియల్‌లో దీని మీద పెద్ద అధ్యయనం చేశారు, 2015లో అచ్చయింది. ముందే మెడ శుభ్రం చేసినవాళ్ళలో మూడేళ్ళ తర్వాత 80 శాతం మంది బతికి ఉన్నారు. గ్రంథి బయటపడ్డాక చూద్దామని ఆగినవాళ్ళలో 67.5 శాతం. "మరి ఎంఆర్ఐ, సూది ఎందుకు తీయించిన్రు సార్?" అని మా బామ్మర్ది గట్టిగానే అడిగాడు. మెడలో ఎంతవరకు తెరవాలో, ఒక వైపా రెండు వైపులా, ఏ రక్తనాళానికైనా గ్రంథి అతుక్కుని ఉందా, నాలుక ఎంత కోయాలో, ఇవన్నీ కత్తి పట్టుకోకముందే తెలియాలన్నారు. లోతు 8 మిల్లీమీటర్లు అన్న ఒక్క అంకె మీదే మెడ తెరవాలన్న నిర్ణయం సగం ఆధారపడిందట. మా వాడు ఒప్పుకోలేదు గానీ, నాకు సబబుగానే అనిపించింది.

మాకు తెల్ల రేషన్ కార్డు ఉంది, ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో ముక్క పరీక్ష రిపోర్టు, ఎంఆర్ఐ రిపోర్టు, ఫిల్ములు, ఆధార్, కార్డు అన్నీ తీసుకుని ఆన్‌లైన్‌లో పెట్టారు. ఫోన్‌లో ఉన్న పీడీఎఫ్ చూపిస్తే కుదరదన్నారు, సంతకం ఉన్న కాగితమే కావాలి. బామ్మర్ది ఆ కాగితం కోసం మళ్ళీ స్కానింగ్ సెంటర్‌కు పోవాల్సి వచ్చింది. బయట చేయించుకున్న పరీక్షల డబ్బు మాత్రం తిరిగి రాలేదు: ఎంఆర్ఐ, సూది, ఛాతీ సీటీ, ల్యాబ్, తిరుగుడు ఖర్చులు కలిపి 22,000 దాకా.

ఫిబ్రవరి 4న, రథసప్తమి రోజు, చేరాను. 5న ఆపరేషన్. నాలుక ఎడమ అంచులో కొంత భాగం, మెడ ఎడమవైపు గ్రంథులు తీశారు. దీని గురించి రాయాలంటే ఇంకో వ్యాసం అవుతుంది. ముక్కులో గొట్టంతో పాలు, జావ. మెడలోంచి ఇంకో గొట్టం. ఎడమ భుజం పైకెత్తలేను, ఇప్పటికీ పూర్తిగా రాలేదు. బ్లాక్‌బోర్డు పై వరస రాయాలంటే కుర్చీ ఎక్కాలి. అమ్మ ఒక్కతే చెర్వుగట్టు పోయి మొక్కు తీర్చి వచ్చింది.

ఆపరేషన్‌లో తీసిన కండ రిపోర్టు ఫిబ్రవరి 19న వచ్చింది. నాలుక లోతు 7 మిల్లీమీటర్లు. ఎంఆర్ఐ చెప్పిన ఎనిమిదికి దగ్గరే. కోసిన అంచులు శుభ్రం, అక్కడ క్యాన్సర్ లేదు. మెడలోంచి మొత్తం 34 గ్రంథులు తీశారు. నన్ను నెలరోజులు నిద్రపోనివ్వని ఆ 13 మిల్లీమీటర్ల గుండ్రటి గ్రంథిలో ఏమీ లేదు, ఉత్త వాపు. దవడ కింద ఉన్న చిన్నవాటిలో ఒకటి, 6 మిల్లీమీటర్లది, దాంట్లో ఉంది క్యాన్సర్. గ్రంథి గోడ దాటి బయటికి రాలేదు. ఎంఆర్ఐ రిపోర్టులో ఒక్క వాక్యంలో కలిపి రాసేసిన చిన్న గ్రంథుల్లో అదీ ఒకటి. నేను మళ్ళీ పాత రిపోర్టు తీసి ఆ వాక్యం చదివాను. తప్పు రాయలేదు. ఆ సైజు గ్రంథి గురించి అంతకన్నా ఎవరూ రాయలేరు.

మా బామ్మర్ది స్కానింగ్ సెంటర్ మీద మండిపడ్డాడు. నాకు మాత్రం కోపం రాలేదు, వింతగా ఒక రకం నెమ్మది వచ్చింది. సూది పరీక్ష బాగుందని 24న ఆపరేషన్ వద్దనుకుని ఇంటికి పోయి ఉంటే ఆ ఆరు మిల్లీమీటర్లు మెడలోనే ఉండేవి.

ఒక గ్రంథిలో దొరికింది కాబట్టి డాక్టర్లంతా కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డులో కరెంటు (రేడియేషన్) పెట్టాలని నిర్ణయించారు, 30 సిట్టింగులు. దానికి ముందు పళ్ళ డాక్టరు చెడిన పళ్ళన్నీ తీసేశారు. కరెంటు పెట్టిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానకపోవచ్చట. పదునుతేలిన పన్నుతో పాటు కుడివైపు తొడుగు వేసిన పన్ను కూడా పోయింది. మార్చి 17న మొదలైంది. 21న మా పిల్లలకు పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి, వాళ్ళు లెక్కల పేపర్ రాసిన రోజు నేను ప్లాస్టిక్ మాస్కు కింద బల్ల మీద ఉన్నాను. ఎంఆర్ఐ పంజరాన్ని తట్టుకున్నవాడికి ఆ మాస్కు పెద్ద కష్టం కాదు. నోరు మాత్రం రెండో వారం నుంచి పుళ్ళు పడి, ఉగాది పచ్చడి వేలితో నాలుక కొసకు రాసుకుని సరిపెట్టుకున్నాను. ఏప్రిల్ ఆఖరుకు అయిపోయింది.

ఇది రాస్తున్నది 2025 మేలో. ఉప్పు రుచి తెలుస్తోంది, తీపి ఇంకా సరిగా తెలియదు. 'ళ' అంటే 'ల' వస్తోంది, క్లాసులో "సంకలనం, వ్యవకలనం" దగ్గర ఇబ్బంది లేదు, "సరళరేఖ, గోళం" దగ్గరే పిల్లలు నవ్వు ఆపుకుంటారు. వాపులన్నీ తగ్గాక, జూలై ఆఖరున మళ్ళీ కాంట్రాస్ట్ ఎంఆర్ఐ తీయాలన్నారు. పాత ఫొటోలతో పోల్చి చూడాలి కాబట్టి జనవరి సీడీ తప్పకుండా తేవాలట, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. వీలైతే అదే సెంటర్లో, అదే మిషన్ మీద తీయించమన్నారు. ఫోన్ చేసి ధర కనుక్కున్నాను, ఈసారి మందు కలిపి అడిగాను, 11,500. క్రియాటినిన్ కూడా మళ్ళీ చేయించాలట, జనవరిది చెల్లదు.